సీటొస్తుందా? చేతిలో ర్యాంకు పెట్టుకుని లెక్క తేల్చుకునే పద్ధతి

ఏటా మే నెలాఖరుకి మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, మా వాడికి పద్నాలుగు వేలు వచ్చింది. మంచి ఇంజనీరింగ్ కాలేజీలో సీటొస్తుందా?" ఆ పద్నాలుగు వేలు జేఈఈ మెయిన్‌లోనా, ఎంసెట్‌లోనా? మొత్తం మీద ర్యాంకా, కేటగిరీ ర్యాంకా? ఏ బ్రాంచి కావాలి? ఇవి అడిగేసరికి అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "ఆగు, వాడికే ఇస్తాను" అంటారు.

నేను లెక్చరర్ని కాను, కన్సల్టెంట్‌నీ కాను. బంధువుల పిల్లలకి వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్ సైట్‌లో కావలసిన కాలేజీల వరస, పెట్టీ పెట్టీ ఈ పని వంటబట్టింది. కటాఫ్ పట్టికలో మీ పిల్లకి చెందిన వరుస ఏదో పట్టుకోవడమే ఇందులో కష్టమైన భాగం. అది దొరికితే మిగతాదంతా కూడికలూ తీసివేతలే. తప్పులన్నీ వరుస దగ్గరే జరుగుతాయి. నేను చేసిన తప్పు కూడా అక్కడిదే, దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి పని: ఏ కాలేజీకి ఏ పరీక్ష

హైదరాబాద్ చుట్టుపక్కలున్న పేరున్న సంస్థలన్నీ ఒకే పరీక్షతో సీట్లు ఇవ్వవు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఇది రాసుకోండి.

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఎన్ఐటీ వరంగల్‌కి జేఈఈ మెయిన్ ర్యాంకు చాలు. ఈ రెండింటికీ సీట్లు కేటాయించేది జోసా కౌన్సెలింగే. హెచ్‌సీయూలోని ఐదేళ్ళ కంప్యూటర్ ఎంటెక్ కూడా జోసా జాబితాలో కనిపిస్తుంది, చాలామంది దాన్ని గమనించరు. శామీర్‌పేట దగ్గరున్న బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌ది బిట్‌శాట్ అనే సొంత పరీక్ష. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ, సీబీఐటీ, వాసవి, వీఎన్ఆర్ వంటి వాటిలో కన్వీనర్ కోటా సీటుకి, అంటే ర్యాంకుని బట్టి ఇచ్చే సీటుకి, టీజీ ఈఏపీసెట్. మనమింకా ఎంసెట్ అనే అంటున్నాం, ఇకపై నేనూ అలాగే రాస్తాను.

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ది వేరే దారి. అది జోసాలో లేదు. జేఈఈ మెయిన్ స్కోరుతో ఒక మార్గం ఉంది కానీ దరఖాస్తు వాళ్ళకే నేరుగా పెట్టాలి. బీటెక్‌తో పాటు రీసెర్చ్ ఎంఎస్ కలిసిన ఐదేళ్ళ కోర్సుకి యూజీఈఈ అనే సొంత పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. మెయిన్ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే యూజీఈఈ దరఖాస్తు గడువు దాటిపోవచ్చు. ఇంకో తికమక కూడా ఉంది. "ట్రిపుల్ ఐటీ" అనగానే ఊళ్ళో పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది బాసర. బాసరలో సీట్లు పదో తరగతి మార్కులతో ఇస్తారు, దానికీ గచ్చిబౌలికీ సంబంధం లేదు. మావాళ్ళలో ఒకాయన రెండేళ్ళపాటు ఒకదాని కటాఫ్ చూసి ఇంకోదాని గురించి ధైర్యంగా ఉన్నాడు.

రెండో పని: పరీక్షకి ముందు వేసుకునే లెక్క

ర్యాంకు రాకముందే అంచనా కావాలంటే కాలేజీలో పెట్టే గ్రాండ్ టెస్టు మార్కులే ఆధారం. వాటిలో బాగా వచ్చిన ఒక్కటి పట్టుకోవద్దు. చివరి ఐదారు టెస్టుల మార్కులు తక్కువ నుంచి ఎక్కువకి రాసి, నడిమధ్య ఉన్నదాన్ని తీసుకోండి. ఒక ఆదివారం దుమ్ము దులిపేసిన పేపరుంటుంది, ఇంకో ఆదివారం జ్వరంతో రాసిన పేపరుంటుంది. రెండూ పక్కకి పోతాయి.

కాలేజీ టెస్టులో వచ్చిన కాలేజీ ర్యాంకుతో మాత్రం ఏమీ తేలదు. పైసెక్షన్‌లో 200వ ర్యాంకు, కింది సెక్షన్‌లో 20వ ర్యాంకు కంటే మెరుగ్గా ఉండొచ్చు. మార్కులే చూడండి. ఇంకా మంచిది, అంతకుముందు ఏడాది జరిగిన అసలు పేపర్లు మూడు నాలుగు తీసి, మూడు గంటలు టైమ్ పెట్టి, ఫోన్ పక్కన పెట్టి ఇంట్లో రాయించండి. మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ఎంసెట్‌లో 160 మార్కులు. అందులో సగం, అంటే 80, లెక్కలవే. కోత లేదు. అందుకే రెండింటి అంచనాలూ కలపకూడదు. లెక్కల్లో వేగం ఉన్న పిల్ల మెయిన్‌లో మామూలుగా ఉండి ఎంసెట్‌లో పైకి రావడం నేను చాలాసార్లు చూశాను.

మూడో పని: పర్సంటైల్‌ని ర్యాంకుగా మార్చడం

జనవరి మెయిన్ రాశాక చేతికొచ్చేది పర్సంటైల్ మాత్రమే, అంటే రాసినవాళ్ళలో నూటికి ఎంతమంది మీతో సమానంగానో వెనకో ఉన్నారో చెప్పే అంకె. ఏప్రిల్ విడత కూడా అయ్యాకే ర్యాంకు వస్తుంది. రెండిట్లో మెరుగైన స్కోరే లెక్కలోకి తీసుకుంటారు. ఈలోపు సుమారు ర్యాంకు తెలుసుకోవడం తేలికే. వందలోంచి మీ పర్సంటైల్ తీసేయండి. మిగిలినదాన్ని పరీక్ష రాసిన మొత్తం మందితో గుణించి, వందతో భాగించండి.

2025లో రెండు విడతల్లో కలిపి పరీక్ష రాసినవాళ్ళు సుమారు 14.75 లక్షలు. 98.2 పర్సంటైల్ వచ్చిందనుకోండి. మిగిలింది 1.8. దాన్ని 14,75,000తో గుణించి వందతో భాగిస్తే 26,550. అంటే ర్యాంకు ఇరవై ఆరు, ఇరవై ఏడు వేల దగ్గర. జనవరిలో రాసినవాళ్ళ సంఖ్యతో ఈ లెక్క చేస్తే ర్యాంకు ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో కొత్తగా వచ్చేవాళ్ళూ, మళ్ళీ రాసి మెరుగుపడేవాళ్ళూ ఉంటారు. కాబట్టి రెండు విడతలూ కలిపిన సంఖ్యే వాడండి.

పర్సంటైల్ మీరు రాసిన షిఫ్టులోనివాళ్ళతో పోల్చి ఇచ్చేది. అందుకే "పక్కింటబ్బాయికి 170 మార్కులకి 98 వచ్చింది, మా వాడికి 175కి ఎందుకు తక్కువొచ్చింది" అని కొట్టుకోవడం దండగ. వాళ్ళ షిఫ్టు పేపరు కష్టంగా ఉండి ఉంటుంది.

అడ్వాన్స్‌డ్ దగ్గర ఇంకో మాట. "క్వాలిఫై అయ్యాడు" అంటే "సీటొచ్చింది" అని చుట్టాలు మిఠాయి పంచేస్తారు. 2024లో అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించినవాళ్ళు 48,248 మంది. ఆ ఏడాది ఐఐటీలన్నిట్లో కలిపి సీట్లు 17,740. మిఠాయికి తొందరేం లేదు.

నాలుగో పని: మీ వరుస పట్టుకోవడం

ఇక్కడ నిదానించండి. మిగతా పనులన్నిటికీ కలిపి పెట్టినంత టైమ్ దీని ఒక్కదానికే పెట్టినా తప్పులేదు.

జోసా సైట్‌లో పాత ఏళ్ళ ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు, అంటే సీటొచ్చినవాళ్ళలో మొదటి, చివరి ర్యాంకులు, రౌండ్ల వారీగా ఉంటాయి. ఒక్క కాలేజీలో ఒక్క బ్రాంచికే బోలెడు వరుసలు కనిపిస్తాయి. మీవి వాటిలో కొన్ని మాత్రమే. ఏది మీదో తేలడానికి మూడు సంగతులు చూడాలి.

కోటా. ఐఐటీలకి సొంత రాష్ట్రం కోటా లేదు. ఐఐటీ హైదరాబాద్ మన సంగారెడ్డి జిల్లాలో ఉన్నంత మాత్రాన మనకి ఒక్క సీటూ ఎక్కువ రాదు, దేశం మొత్తానికి ఒకటే వరుస. అక్కడ కంప్యూటర్ సైన్స్ ఓపెన్‌లో కొన్నేళ్ళుగా వెయ్యి లోపే మూతపడుతోంది. ఎన్ఐటీల్లో మాత్రం సగం సీట్లు సొంత రాష్ట్రానికి. తెలంగాణకి ఎన్ఐటీ వరంగల్, ఆంధ్రాకి తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీ.

నా తప్పు ఇక్కడే. మా అక్క కొడుకు పుట్టిందీ పెరిగిందీ నిజాంపేటలో. ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఇక్కడివే. వాడికి వరంగల్ సొంత రాష్ట్రం వరుస చూసి "నీకు ఢోకా లేదురా" అని ధైర్యం చెప్పాను. వాడు ఇంటర్ చదివింది మాత్రం విజయవాడ హాస్టల్లో. ఎన్ఐటీలకి సొంత రాష్ట్రం అంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. వాడి మెయిన్ స్కోరు కార్డు మీద ఎలిజిబిలిటీ స్టేట్ కోడ్ దగ్గర ఆంధ్రప్రదేశ్ అని స్పష్టంగా ఉంది. నేనే చూడలేదు. ఆప్షన్లు లాక్ చేయడానికి రెండు గంటల ముందు అక్క చూసింది. ఆ రెండు గంటల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. లిస్టంతా తిరగేసి తాడేపల్లిగూడెం ఆప్షన్లు పైకి తెచ్చాం. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న "ఇంటర్ ఎక్కడ?"

కేటగిరీ. జోసాలో ఓపెన్ వరుసలో ఉండేది దేశం మొత్తం మీద ర్యాంకు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరుసల్లో ఉండేది ఆ కేటగిరీలో ర్యాంకు. మొత్తం మీద 26,000, ఓబీసీలో 8,000 అయితే ఓబీసీ వరుసలో పోల్చాల్సింది 8,000నే. ఎంసెట్ లాస్ట్ ర్యాంకుల పట్టిక దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ బీసీ, ఎస్సీ, ఎస్టీ ఏ గడి చూసినా ఉండేది మొత్తం మీద ఎంసెట్ ర్యాంకే. ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని చదివితే ఉన్న సీటు లేదనిపిస్తుంది, లేని సీటు ఉందనిపిస్తుంది. రిజర్వేషన్ ఉన్నవాళ్ళు ఓపెన్ వరుస కూడా తప్పకుండా చూడాలి. ర్యాంకు సరిపోతే ఓపెన్ సీటే ముందు ఇస్తారు.

రాష్ట్రంలో బీసీ అయితే కేంద్రంలోనూ ఓబీసీయే అనుకోవద్దు. జాబితాలు వేరు. కేంద్ర జాబితాలో లేని కులమైతే జోసాలో ఆ కోటా వర్తించదు. కేంద్ర జాబితాలో ఉన్నా క్రీమీలేయర్, అంటే సంపన్న కుటుంబాలని పక్కనపెట్టే పరిమితి, దాటకూడదు. సర్టిఫికెట్ కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదే కావాలి. ఈడబ్ల్యూఎస్‌కీ అంతే. మీసేవలో దరఖాస్తు ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టేయండి. జూన్‌లో పెడితే తహసీల్దార్ ఆఫీసు ముందు టెన్షన్ మీదే. సర్టిఫికెట్ చేతికి రాకపోతే ఆ వరుస మీది కాదు, మీరు చూసుకున్న లెక్కంతా వృథా.

ఆడపిల్లల వరుస. 2018 నుంచి ఐఐటీ, ఎన్ఐటీల్లో అమ్మాయిలకి అదనంగా సీట్లు ఇస్తున్నారు. వాటికి వేరే వరుస ఉంటుంది, అక్కడ క్లోజింగ్ ర్యాంకు సాధారణంగా కాస్త వెనక్కి ఉంటుంది. అమ్మాయిలకి రెండు వరుసలూ వర్తిస్తాయి. అబ్బాయికి పొరపాటున ఆ వరుస చూపించి సంబరపడినవాళ్ళనీ చూశాను.

ఎంసెట్‌కి లోకల్ సంగతి కూడా ఉంది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. మిగతా 15 శాతానికి ఒకప్పుడు ఆంధ్రా పిల్లలూ పోటీపడేవారు, 2025 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ముందే పోగుచేసుకోండి. స్కూలు మూతపడి ఉంటే వాటికోసం తిరగడమే పెద్ద పని.

ఐదో పని: నాలుగేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టడం

ఒక్క నిరుటి కటాఫ్ చూసి తేల్చేయకండి. మీ వరుసలో చివరి రౌండు క్లోజింగ్ ర్యాంకు మూడు నాలుగేళ్ళది రాసుకోండి. ఉదాహరణకి ఊహించిన అంకెలు తీసుకుందాం. ఒక బ్రాంచి నాలుగేళ్ళలో 11,200, 12,900, 12,100, 14,300 దగ్గర మూతపడిందనుకోండి. ఇందులో బిగువైన ఏడు 11,200. వదులైన ఏడు 14,300.

మీ ర్యాంకు 10,000 అయితే బిగువైన ఏడు కూడా మీకు సీటు వచ్చేది. దాన్ని దాదాపు ఖాయం అనొచ్చు. 12,500 అయితే నాలుగేళ్ళలో రెండేళ్ళు వచ్చేది, రెండేళ్ళు రాకపోయేది. ఇది ఊగిసలాట, దీని మీద ఆధారపడి వేరే కాలేజీ ఫీజు కట్టకుండా ఉండొద్దు. 16,500 అయితే ఎప్పుడూ రాలేదు, కానీ వదులైన ఏడాది గీతకి మరీ దూరం కూడా లేదు. ఆశ కింద రాసుకోండి. 25,000 అయితే ఆ కాలేజీ పేరు తలచుకోవడం మానేస్తే నిద్ర పడుతుంది.

ఎంత తేడాని "దగ్గర" అనాలో ర్యాంకుని బట్టే ఉంటుంది. 800 ర్యాంకువాడికి 300 తేడా చాలా పెద్దది. 40,000 ర్యాంకువాడికి 300 ఏమీ కాదు, ఒక్క రౌండులో కదిలిపోతుంది. నేను తేడాని సంఖ్యగా కాకుండా ర్యాంకులో పదోవంతుగా చూస్తాను. పదోవంతు లోపు ఉంటే ఊగిసలాట కిందే వేస్తాను.

బిట్స్‌కి ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ ర్యాంకు బదులు స్కోరు. అందుకే అంకె తగ్గేకొద్దీ కాక, పెరిగేకొద్దీ మంచిది. బిట్‌శాట్ 2022లో 450 మార్కుల నుంచి 390కి మారింది. అంతకుముందు కటాఫ్‌లు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. 2021 అంకెలతో పోల్చుకుని బెంగపెట్టుకోకండి.

ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ యూజీఈఈకి ఈ పట్టిక పనిచేయదు. సబ్జెక్టు భాగంలో ఒక గీత దాటితేనే రీసెర్చ్ ఆప్టిట్యూడ్ మార్కులు చూస్తారు, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. దాన్ని ఎంత బాగా రాసినా "ఖాయం" కుప్పలో వేయకండి.

ఆరో పని: ఈ ఏడు ఏం మారింది

పాత అంకెలు కదలడానికి కారణాలుంటాయి. సీట్లు పెరిగితే క్లోజింగ్ ర్యాంకు వెనక్కి జరుగుతుంది. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లు ఉండొచ్చన్న పరిమితిని ఏఐసీటీఈ, అంటే ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ, ఎత్తేసింది. ప్రైవేటు కాలేజీల్లో కంప్యూటర్, ఏఐ సీట్లకి దారి తెరుచుకుంది. మీరు చూస్తున్న కాలేజీలో ఈ ఏడు సీట్ల సంఖ్య ఎంతో ఆప్షన్లు పెట్టేముందు సరిచూసుకోండి. కొత్త పేరుతో పెట్టిన బ్రాంచికి పాత ర్యాంకే ఉండదు. అప్పుడు అదే కాలేజీలో దానికి దగ్గరి బ్రాంచి చూసి, కాస్త వెనక్కి అనుకోండి.

రెండోది వర్గీకరణ. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతం మూడు గ్రూపులుగా విడిపోయింది: 1, 9, 5 శాతం. ఎంసెట్‌లో ఎస్సీ పిల్లలు అంతకుముందు ఏళ్ళ ఎస్సీ లాస్ట్ ర్యాంకుని తమ గ్రూపు ర్యాంకుగా తీసుకోకూడదు.

మూడోది టైమింగ్. మంచి ర్యాంకర్లు ఎంసెట్‌లో ఒక సీటు, జోసాలో ఇంకో సీటు పట్టుకుని కూర్చుంటారు. ఐఐటీ, ఎన్ఐటీ ఖాయమయ్యాక ఇక్కడిది వదిలేస్తారు. అందుకే ఎంసెట్ మొదటి ఫేజ్ చూసి గుండె జారిపోవద్దు, తర్వాతి ఫేజ్‌లో కదలిక ఉంటుంది. పోల్చేటప్పుడు మొదటి ఫేజ్‌ని మొదటి ఫేజ్‌తోనే పోల్చండి.

ఏడో పని: మూడు కుప్పలు, ఒక వరస

ఇప్పుడు కాగితం మీద మూడు కుప్పలు వచ్చాయి: ఆశ, ఊగిసలాట, ఖాయం. ఖాయం కుప్పలో కనీసం నాలుగైదు ఉండాలి, పిల్లాడు నిజంగా చేరడానికి ఒప్పుకునేవే ఉండాలి. "అక్కడికి నేను పోను" అనే కాలేజీని ఆ కుప్పలో పెడితే అది లెక్కలోది కాదు. ఈ మాట ముందే ఇంట్లో తేల్చుకోండి, అలాట్‌మెంట్ వచ్చాక కాదు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం ఈ కుప్పలు మర్చిపోండి. ఇష్టం వరసలోనే పెట్టాలి. పైన రాని కాలేజీ పెడితే కింది సీటు పోతుందని చాలామంది భయం. పోదు. పై ఆప్షన్ దొరక్కపోతే కంప్యూటర్ తర్వాతిదానికి వస్తుంది, అప్పుడు కూడా మీ ర్యాంకుకున్న హక్కు అంతే ఉంటుంది. అందుకే ఆశ కుప్పలోవి పైన పెట్టడానికి భయపడకండి. నష్టం జరిగేది ఇష్టం లేనిదాన్ని "ఖాయం కదా" అని పైకి తెస్తేనే. అది వచ్చేస్తే దానికింద ఉన్నవి ఇక చూడరు.

"కన్వీనర్ సీటు నేనిప్పిస్తా" అనేవాళ్ళు అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా దొరుకుతారు. ఆ సీట్లు ర్యాంకూ ఆప్షన్లూ చూసి కంప్యూటర్ ఇచ్చేవి. అందులో ఇంకొకరు ఇప్పించేదేమీ లేదు.

ఎనిమిదో పని: మొదటి రౌండు అయ్యాక

జోసాలో సీటొస్తే మూడు దారులుంటాయి. ఇదే చాలనుకుంటే ఫ్రీజ్. ఇదే కాలేజీలో మెరుగైన బ్రాంచి వస్తే చాలనుకుంటే స్లైడ్. ఇంకా పై ఆప్షన్ ఏదొచ్చినా వెళ్తాననుకుంటే ఫ్లోట్. ఆశ కుప్పలో ఒక్కటైనా మిగిలుంటే నేను ఫ్లోటే చెబుతాను. చేతిలో ఉన్న సీటు మెరుగైనది వచ్చేదాకా మీదే. ఫీజు, డాక్యుమెంట్ అప్‌లోడ్ మాత్రం ఆ రౌండు గడువులోపే చేయాలి. చివరి రోజు సాయంత్రం దాకా ఉంచితే నెట్ సతాయిస్తుంది, లేదా అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్ మీద ప్రశ్న వస్తుంది.

రౌండు అయిన రాత్రే మీ కాగితం మళ్ళీ తీయండి. ఈ ఏడు మొదటి రౌండు క్లోజింగ్‌ని నిరుటి మొదటి రౌండు పక్కన రాయండి. నిరుడు ఆ బ్రాంచి మొదటి రౌండు నుంచి చివరి రౌండుకి ఎంత కదిలిందో, ఈ ఏడు అంకెకి అంతే కలపండి. మీ ర్యాంకు అందులో పడితే ఆ ఆప్షన్ ఇంకా బతికే ఉంది. పడకపోతే పిల్లాడికి ఆ రాత్రే చెప్పేయండి. ఎన్ఐటీల్లో మిగిలిన సీట్లకి జోసా తర్వాత సీశాబ్ రౌండ్లు ఉంటాయి, దానికి విడిగా రిజిస్టర్ కావాలి. ఐఐటీలకి ఆ రౌండ్లు లేవు.